పక్కవాళ్ళు చేసే పరిచయం

మెయిల్ వచ్చినప్పుడు నేను సర్వపిండికి వేలితో గుంటలు పెడుతున్నాను. పిండి కలపడం, గిన్నె అడుగున అద్దడం మా అత్తమ్మ సుక్కమ్మ వంతు. మధ్యమధ్య గుంటలు పెట్టి ఒక్కో గుంటలో చుక్క నూనె వెయ్యడం నా వంతు. పెళ్ళయి మూడు నెలలైంది. ఈ ఇంట్లో నాకంటూ దొరికిన మొదటి పని ఇదే కాబట్టి దీని మీద మోజు ఇంకా తీరలేదు. వేరే ప్రాంతం నుంచి వచ్చి గుండ్లపోచంపల్లిలో స్థిరపడిన మా పుట్టింట్లో దీని పేరు కూడా ఎవరికీ తెలియదు. పొయ్యి మీద పెట్టగానే ఆ గుంటల్లో బుడగలు లేస్తాయి. అవి చూస్తూ నేను ఎంతసేపైనా నిలబడగలను.

గట్టు మీద ఫోన్ వెలిగింది.

"నీ ఫోన్ మొత్తుకుంటాంది, జూడు," అంది అత్తమ్మ.

పిండి అంటని చిటికెనవేలితో తెరిచాను. పుణేలోని అనువాదాల ఏజెన్సీ నుంచి. పెద్ద జబ్బులతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళ చేత నింపించే ప్రశ్నావళులు, ఏడాది పొడవునా సాగే పని. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఇలాంటివి. నా నమూనా అనువాదం వాళ్ళకు నచ్చిందట. తెలుగులోకి రాసే పని నాకే ఇస్తున్నారు.

"అత్తమ్మా, నాకు పని వచ్చింది. పెద్ద పని. ఏడాదంతా ఉంటుంది."

"మంచిగైంది బిడ్డా," అంది ఆమె గిన్నె మీద మూత పెడుతూ. "ముందు గా మంట తగ్గియ్యి. పని వచ్చిందని పిండి ఆగదు."

మంట తగ్గించాను. నవ్వు ఆపుకోలేక మళ్ళీ ఫోన్ తీశాను. మా ఆయన ధర్మేందర్‌కు పంపుదామని మెయిల్‌ను ఫొటో తీయబోతుంటే, పైన చిరునామాల వరస కనిపించింది. నా చిరునామా పక్కన ఇంకొకటి ఉంది. అది తేజస్విది.

అక్కడితో నా సంతోషం ఆగిపోయింది. బాధ వెయ్యలేదు, భయం కూడా వెయ్యలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ మనదో కాదో తెలియనట్టుంటుందే, అలా ఉంది.

ఎందుకో చెప్పాలంటే ముందు మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. ఈ ప్రశ్నావళులను ఒకరు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి రాస్తారు. ఆ ఇంగ్లిష్‌ను చూడని ఇంకొకరు, ఆ తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి రాస్తారు. రెండు ఇంగ్లిష్‌లనూ పక్కపక్కన పెడితే మధ్యలో ఏం జారిపోయిందో బయటపడుతుంది. జబ్బుమనిషి చేతికి కాగితం వెళ్ళేముందు ఉండే కాపలా అదే. అందుకని ఆ ఇద్దరికీ చుట్టరికం గానీ స్నేహం గానీ ఉండకూడదు. రెండో మనిషి ఎవరో నాకు తెలియదని ఇద్దరూ సంతకం చేసి ఇవ్వాలి. మామూలుగా ఏజెన్సీ ఇద్దరికీ విడివిడిగా రాస్తుంది. పని పంచే అశ్రిత అనే అమ్మాయి ఈసారి తొందరలో ఒకే మెయిల్‌ను ఇద్దరికీ పంపేసింది.

తేజస్వి నాకు తెలియకపోవడమంటే ఏమిటో ఆలోచించాను. ఆమె మా ఆయనకు పెద్దమ్మ కూతురు. అంటే నాకు వదిన. అంతకుముందు నుంచే నాకు స్నేహితురాలు. నన్ను ఈ పనిలోకి తెచ్చిందే ఆమె.

ప్రతి నెలా రెండో ఆదివారం, శామీర్‌పేట చెరువు దాటాక ఉన్న ఒక దాబాలో ఈ వైపు అనువాదకులం కలుస్తాం. ఇళ్ళల్లో ఒంటరిగా కూర్చుని పని చేసుకునేవాళ్ళం కదా, ఆ ఒక్క పూట మనుషుల మొహాలు చూస్తాం. టీలు తాగి, ఎవరి దగ్గర పని ఉందో, ఎవరు డబ్బులు సరిగ్గా ఇవ్వరో చెప్పుకుంటాం. బ్యాంకులో చేసి రిటైరైన హేమచంద్ గారు ఆ సమావేశాన్ని నడుపుతారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. అక్కడ ఎవరి పరిచయం వాళ్ళు చేసుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళు చెయ్యాలి. పక్కన ఉన్నది ఎవరో తెలియకపోతే ముందు ఒక టీ తాగి తెలుసుకోవాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు భయంతో మూలన కూర్చుంటే, గౌడవెల్లి నుంచి స్కూటీ మీద వచ్చిన ఒకామె నా పక్క కుర్చీ లాక్కుంది. కాసేపు మాట్లాడి, తన వంతు రాగానే లేచి, "గీమె పేరు హరిచందన. నెమ్మదిగ రాస్తది గని తప్పు రాయది. నాకు ఎరుకే," అంది. అప్పటికి మా పరిచయం ఒక్క టీ అంత. ఆ మాటకే నాకు మొదటి పని దొరికింది. తర్వాత పుణే ఏజెన్సీకి నా పేరు చెప్పింది కూడా ఆమే. ఆ తర్వాత పెళ్ళి సంబంధంగా ధర్మేందర్‌ను చూపించింది.

పోయిన నెల అశ్రిత ఫోన్ చేసి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి బాగా రాసేవాళ్ళు ఎవరైనా తెలుసా అని అడిగితే నేను తేజస్వి పేరు చెప్పాను. వాళ్ళ దగ్గర, సిఫారసు చేసిందెవరో రాసుకునే చోట, నా పేరు ఎదురుగా ఆమె పేరు, ఆమె పేరు ఎదురుగా నా పేరు రాసి ఉంటాయి. అశ్రిత అది చూసుకున్నట్టు లేదు. చెప్పేటప్పుడు నేనూ ఆలోచించలేదు. మంచివాళ్ళ పేరు అడిగారు, మంచి పేరు చెప్పాను.

సర్వపిండి ఎర్రగా కాలింది. అత్తమ్మ అంచు విరిచి నా నోట్లో పెట్టింది. కరకరలాడింది. బాగుందని తెలుస్తోంది. అంతే.

తేజస్వి ఫోన్ చేసింది.

"మరదలా, జూసినవా?"

"చూశాను వదినా."

"నేను సంతకం పెట్టి పంపిన. మెయిల్ జూసుడు, పెట్టుడు. చాయ్ గూడ తాగలే."

"ఏ సంతకం?"

"గదే. ముందు రాసేటామె ఎవలో నాకు ఎరుక లేదని." నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

"వదినా, మనం..."

"నాకు తెల్వదా? అందరు పెడ్తరు చందనా. గీ పనిల తెలుగోళ్ళం ఎంతమందిమి ఉన్నం? అందరికి అందరు ఎరుకే. గట్ల జూస్తే ఎవ్వలు ఏ పని జెయ్యలేరు."

ఆమె గొంతు తగ్గించింది. వాళ్ళ నాన్న జంగయ్య పక్కన ఉన్నట్టున్నాడు.

"బాపు నిన్న మల్ల అడిగిండు. ఒకటో తారీఖు నుంచి గోదాముకు పోతవా అని. పోత అన్న. గాళ్ళు గూడ రమ్మన్నరు. డబ్బాల మీద మిషిన్ పెట్టి టిక్ టిక్ అనిపిచ్చుడు. ఎమ్మే జేసినమని గోడకు వేలాడేసుకున్నం గద, గా ఫొటో తీసేద్దామనుకున్న. గిప్పుడు పోను. ఇగ పోను."

ఆమె పరిస్థితి నాకు తెలుసు. అనువాదం యంత్రమే చేసేస్తోంది, మీరు కాస్త దిద్దండి అని పంపేవాళ్ళు మొదట. ఆ దిద్దే పని కూడా తగ్గింది. పది మందికి సొంతంగా పని చూపించిన మనిషి, పోయిన రెండు నెలలు శామీర్‌పేటకే రాలేదు. పెట్రోలు దండగ అంది. నా పెళ్ళిలో మాత్రం ముందు రోజు నుంచి తిండి లేకుండా తిరిగింది.

"ఒక్క పని జెయ్యాలె," అంది. "పెళ్ళి ఫొటోలల్ల నేనున్నవి తీసెయ్. పైకి కనబడేటివి. గా అనువాదకుల సైటుల నా గురించి నువ్వు రాసిన నాలుగు మంచి మాటలు గూడ. నీ గురించి నేను రాసినవి ఇప్పుడే తీసేసిన. గాళ్ళు వెతికి జూస్తే పరేషాన్ అయితది."

"సరే వదినా."

"వదినా అని యాడా రాయకు. ఫోన్‌ల గూడ జల్దీ పేరు మార్చు." మళ్ళీ నవ్వి పెట్టేసింది.

మధ్యాహ్నం గదిలో కూర్చుని ఫొటోలు ముందేసుకున్నాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటోలో ధర్మేందర్ తల మీద తలంబ్రాలు పోస్తున్నాను. మా వెనక తేజస్వి పళ్ళెం పట్టుకుని నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఇంకా పొయ్యి, భయపడకు అని అరిచింది, నాకు గుర్తుంది. ఆమెను కత్తిరించాలని చూశాను. ఎటు నుంచి జరిపినా ఆమెతోపాటు నా భుజం పోతోంది, లేకపోతే ధర్మేందర్ చెవి పోతోంది. చివరికి చెవి పోనిచ్చాను. అది పెట్టి పాతది తీసేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

సంతకం చెయ్యాల్సిన కాగితం తెరిచి, మూసేశాను.

ధర్మేందర్ తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ల్యాబులో పని చేస్తాడు. టీ తాగినప్పుడల్లా నాకు ఒక చుక్క పంపిస్తాడు. మాట రాయడు, చుక్క మాత్రమే. నేను ఇంకో చుక్క పంపిస్తాను. ఇది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే నవ్వుతారు. ఆ రోజు అతని చుక్కలు వచ్చాయి. నేను పంపడం మరిచిపోయాను.

సాయంత్రం హెల్మెట్ తీస్తూనే అడిగాడు. "ఏంది, నా చుక్కలు ఒంటరిగున్నయ్?"

చెప్పాను. వింటూ అతను దారిలో కొన్న జామకాయలు కోశాడు. లోపల గులాబీ రంగు. మామూలుగా అయితే నేను ఆ రంగు చూసి గంతులేసేదాన్ని. ఉప్పూకారం అద్ది ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

"మా ల్యాబుల గూడ గంతే," అన్నాడు. "ఒకడు తూకం వేస్తే ఇంకొకడు జూసి సంతకం పెట్టాలె. దోస్తులిద్దర్ని ఒక్క బల్ల కాడ నిలబడనియ్యరు. దోస్తు వేసిన తూకాన్ని కండ్లు జూడవు. చెయ్యే సంతకం పెడ్తది."

"మీ అక్క అలా చెయ్యదు."

"కావాలని జెయ్యదు. అక్క గద, నువ్వు రాయబోయేది గూడ గామెకు తెలుస్తది." నవ్వించాలని చూశాడు. "గదే నన్నడిగితే మస్తు ధైర్యంగ పెడ్త సంతకం. నీ సంగతి నాకు ఏం ఎరుక లేదని. మూడు నెలలే గద."

నవ్వాను. మొహం మాత్రమే నవ్వింది, అతనికి తెలిసింది. ఇంకో ముక్క కోసి ఇచ్చాడు.

అతనన్నది నిజమని నాకు ముందే తెలుసు. ఒకసారి నేర్చుకోవడానికని నేనూ తేజస్వీ ఇలాగే ఒక ప్రశ్నావళి చేశాం. నొప్పి వల్ల రాత్రి మెలకువ వస్తోందా అన్న ప్రశ్న దగ్గర నేను 'రాత్రి' వదిలేశాను. చూసుకోలేదు. తేజస్వి తిరిగి ఇంగ్లిష్‌లోకి రాసినప్పుడు ఆ రాత్రి దాని చోటికి వచ్చేసింది. నేను వదిలేశానని ఆమె కూడా చూసుకోలేదు. నేను ఏం చెప్పాలనుకుంటానో ఆమెకు అలవాటు. రెండు ఇంగ్లిష్‌లూ చక్కగా సరిపోయాయి. తర్వాత ఎప్పుడో తెలుగు చదువుతూ దొరకబుచ్చుకుని ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పుడు అది ఆట. దాన్ని నింపే మనిషి ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున మూడు దారులూ చూసుకున్నాను. నేను సంతకం చేస్తే మా ఇద్దరికీ పని ఉంటుంది, కాపలా ఉండదు. నిజం రాస్తే, అబద్ధపు సంతకం చేసినందుకు తేజస్విని తీసేస్తారు. మళ్ళీ ఏ ఏజెన్సీ పిలవదు, ఒకటో తారీఖుకు గోదాము. నేను ఏ రచ్చా లేకుండా తప్పుకుంటే ముందు అనువాదం ఎవరో కొత్తవాళ్ళు చేస్తారు. ఆ మనిషి ఎవరో తేజస్వికి నిజంగానే తెలియదు.

తప్పుకోవడానికి ఎవరూ తిరిగి ప్రశ్నించని కారణం కావాలి. అది నా మెడలోనే ఉంది. ఈ మధ్యే పెళ్ళయింది, ఇంటి బాధ్యతల వల్ల ఇంత పెద్ద పని ఒప్పుకోలేను, క్షమించండి అని రాశాను. రాయడానికి అట్టే సేపు పట్టలేదు. చదువుకున్నాక కూడా ఏమీ అనిపించలేదు. పంపేశాను.

అశ్రిత వెంటనే ఫోన్ చేసింది. బతిమాలుతుందని ఎక్కడో చిన్న ఆశ. "అయ్యో, కంగ్రాట్స్ మేడం," అంది. "నేను అర్థం చేసుకోగలను. మా అక్క కూడా పెళ్ళయ్యాక మానేసింది. మీరు హాయిగా ఉండండి."

అంత తేలికగా నమ్మింది.

ధర్మేందర్‌కు తప్పుకున్నానని చెప్పాను. ఏ కారణం చెప్పానో చెప్పలేదు. తేజస్వికి ఏదీ చెప్పలేదు. ఆమె కూడా ఫోన్ చెయ్యలేదు. మేం తెలియనివాళ్ళం కదా.

నా స్థానంలోకి మనిషి కోసం అశ్రిత హేమచంద్ గారిని కూడా అడిగిందట. ఆయన అడిగిన పని వదిలేసి, మా అనువాదకుల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు పెట్టారు. 'మన సభ్యురాలు చి.ల.సౌ. హరిచందన వివాహానంతరం వృత్తికి విరామం ప్రకటించారు. వారి దాంపత్యం నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలి.' కింద రెండు హంసలు, ఒక పూర్ణకుంభం. ఆ కింద నమస్కారాలు, పూలగుత్తులు. నేను ఎప్పుడూ చూడని పేర్లు కూడా దీవించాయి. నేను కాదని రాయబోయాను. కాదంటే మరి పుణే పని ఎందుకు వదిలావని అడుగుతారు. రాసింది తుడిచేసి ఒక నమస్కారం పెట్టాను.

తర్వాత మేడ్చల్‌లోని విత్తనాల కంపెనీ నుంచి మెసేజ్. బెండ, సొర, బీర విత్తనాల పొట్లాల వెనక తెలుగులో ఉండే సూచనలు ఏటా నేనే రాసేదాన్ని. ఎంత లోతులో నాటాలి, నీళ్ళు ఎప్పుడు పెట్టాలి. అత్తమ్మ కిరాణా కొట్టు మా ఇంటి ముందు గదిలోనే. అక్కడ ఆ పొట్లాలు దండలా వేలాడుతుంటాయి. పెళ్ళయిన కొత్తలో వచ్చే పోయే వాళ్ళందరికీ ఆమె పొట్లం తిప్పి చూపించేది. గిది మా కోడలు రాసింది, అని. ఆ కంపెనీవాళ్ళు, మీరు మానేశారని తెలిసింది మేడం, ఈసారి వేరేవాళ్ళకు ఇచ్చాం, పెళ్ళి శుభాకాంక్షలు, అని పంపారు.

ఆ పొట్లం ఒకటి తీసి వెనక్కి తిప్పి చదివాను. బాగానే రాశాను.

శనివారం పొద్దున నాన్న ఫోన్ చేశారు. నేను గిన్నెలు కడుగుతున్నాను కాబట్టి స్పీకర్‌లో పెట్టాను. అదే తప్పయింది.

"అమ్మాయ్, పొద్దున నడకలో హేమచంద్ గారు చెప్పారు, నువ్వు పని మానేశావని," అన్నారు. ఆయనా హేమచంద్ గారూ ఒకే కాలనీ. "అల్లుడుగారు వద్దన్నారా? పోనీ మీ అత్తగారేమైనా..."

"అదేం లేదు నాన్నా."

"మీ అమ్మ రాత్రంతా పడుకోలేదు. చదివించి ఆ ఇంటికిచ్చింది గిన్నెలు కడగడానికా అని ఒకటే..."

అత్తమ్మ కొట్టులోంచి లేచి వచ్చింది. చేతిలో పప్పు కొలిచే డబ్బా అలాగే ఉంది. ఫోన్ దగ్గరికి వంగింది.

"అన్నా, నేను సుక్కమ్మను."

"చెల్లెమ్మా, బాగున్నావా," అన్నారు నాన్న.

"బాగున్న. నీ బిడ్డను పని జెయ్యొద్దని నేనంటినా? ఎవలన్నరు నీకు?"

"అబ్బే, అలా ఎవరూ అనలేదు. ఊరికే అడిగాను."

"ఊకెనే అడుగు. గని నన్నే అడుగు. గామె కంప్యూటర్ ముందట గూసుంటే చాయ్ నేను దీస్కపోయి ఇస్త. గిన్నెలు నేను కడుగుతనంటె ఇయ్యది. వదినకు జెప్పు, రాత్రి పండుకొమ్మని."

ఫోన్ పెట్టేశాక నా వైపు చూసింది. "నువ్వు పని ఒదిలిపెట్టినవా?"

"ఒక్క పని వదిలేశాను అత్తమ్మా."

"మా వల్ల అని జెప్పినవా?"

పెళ్ళి వల్ల అని రాశాను, మీ వల్ల అని రాయలేదు అని చెప్పాలనుకున్నాను. పైకి అనబోతే ఆ రెండూ ఒకటే అనిపించింది. నేను తల దించుకున్నాను. ఆమె వెళ్ళి గల్లాపెట్టె ముందు కూర్చుంది. ఆ పగలంతా నాతో మాట్లాడలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళకు సామాను ఇచ్చి పంపింది గానీ పొట్లం తిప్పి ఎవరికీ చూపించలేదు. ధర్మేందర్ ఇంటికొచ్చి ఒకసారి ఆమె మొహం, ఒకసారి నా మొహం చూసి, ఉల్లిగడ్డలు కోస్తానని వంటింట్లోకి పోయాడు.

పొద్దుగూకే వేళకు వాకిట్లో స్కూటీ ఆగింది. తేజస్వి. హెల్మెట్ కూడా తియ్యకుండా కొట్టులోంచే లోపలికి వచ్చింది.

"చిన్నమ్మా, నీ కోడలు యాడ?"

"ఉన్నది. పని మాన్పిచ్చి గదిల బంధించిన గద, యాడికి పోతది," అంది అత్తమ్మ.

తేజస్వి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "హేమచంద్ సార్ పెట్టింది జూసిన. నాలుగు రోజులు నమ్మిన. పెండ్లయింది, మోజు మీదున్నది, ఒదిలేసిందనుకున్న. నాకు జెప్పకుంట ఒదిలేసిందని కోపం గూడ వచ్చింది. నిన్న అర్థమైంది."

"నిన్న ఏమైంది?"

"మొదటి కాగితం వచ్చింది. తెలుగు ఎవల్దో నాకు తెల్వది. బెంగళూరుల ఎవలో ఉన్నరంట, పేరు గూడ జెప్పరు. చదువుతుంటే వెనుక ఇంగ్లిష్ ఏందో నాకు అస్సలు కనబడలే. నీది జదివితే అట్ల ఉండది. ఒక ప్రశ్న కాడ ఏదో కుదర్లే. కుదర్లేదని కుదరనట్టే రాసిన. అశ్రిత ఫోన్ జేసింది. అసలు ప్రశ్నల ఉన్నది ఒకటి తెలుగుల పోయిందంట. దొరికింది అన్నది." హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నీతోని జేసుంటే దొరక్కపోయేది. నేనే నింపేసేదాన్ని. మనం అప్పుడు నవ్వుకోలే, రాత్రి పోయిందని?"

నేను తలూపాను.

"నన్ను అడగాలె గద చందనా."

"అడిగితే నువ్వు తప్పుకుంటావు, లేకపోతే నన్ను తప్పుకోవద్దంటావు. రెండూ నాకు వద్దు."

"అబద్ధపు సంతకం పెట్టింది నేను. నువ్వు ఇంకో అబద్ధం జెప్పి దాన్ని నిజం జేసినవ్. నేనిప్పుడు బయటికి పోతే మంచిదాన్ని. నువ్వేమో పని మానుకున్న కోడలివి. మా చిన్నమ్మేమో మాన్పిచ్చిన అత్త." ఆమె గొంతులో కోపం లేదు. గోదాము గురించి చెప్పినప్పుడూ ఇదే గొంతు. "రేపు శామీర్‌పేటల అందరి ముందట జెప్పేస్త. గట్ల సంతకం పెట్టిన అని."

"చెప్తే నీ పని పోతుంది. నా పని తిరిగి రాదు. ఎవరికి లాభం?"

"మరి నీకు పనెట్ల వస్తది? గీ పూలగుత్తులు జూసినోళ్ళు ఎవలిస్తరు?"

ధర్మేందర్ ఉల్లిగడ్డల పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళ నిండా నీళ్ళు, ఉల్లిపాయలవే. "అక్కా, రేపు నువ్వు దాని పక్కన గూసో," అన్నాడు. "పరిచయం నువ్వు జెయ్యి. మీరిద్దరు ఎరుకైనోళ్ళని ఇప్పుడు చెప్పుకోవచ్చు గద."

అది నాకు తట్టనే లేదు. ఇప్పుడు మా మధ్య ఏ కాగితమూ లేదు. ఫొటో తిరిగి పెట్టొచ్చు. వదినా అని పిలవొచ్చు. ఛాతీలో ఎక్కడో కొద్దిగా కదిలినట్టనిపించింది, తిమ్మిరి కాలు నేల మీద పెట్టినప్పటిలా.

తేజస్వి ఒప్పుకోలేదు. "నేను జెప్తే ఏమంటరు? ఆడపడుచు గద, ఇంటి పరువు కోసం జెప్తుందంటరు. మొన్న వద్దన్నరు, గిప్పుడు సరే అన్నరు, రేపు మల్ల వద్దంటరు అనుకుంటరు. గసుంటి మనిషికి ఏడాది పని ఎవలిస్తరు?"

ముందు గదిలో ఎవరో చక్కెర అడిగారు.

"కొట్టు బంద్," అంది అత్తమ్మ లోపలి నుంచే వినబడేలా. "రేప్పొద్దున గూడ బంద్. పొండి."

ఇంత తొందరగా కొట్టు మూసెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. షట్టర్ సగం దించి ఆమె మా దగ్గరికి వచ్చింది. అంతా విన్నదని అర్థమైంది. నా పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున్నుంచి మొదటిసారి నాకు తగిలేంత దగ్గరగా.

"గాడ ఎవల పరిచయం వాళ్ళు జేసుకోవద్దంటివి గద?" అని తేజస్విని అడిగింది.

"అవ్ చిన్నమ్మా. పక్కన గూసున్నోళ్ళు జెయ్యాలె."

"అనువాదం తెల్సినోళ్ళే గూసోవాల్నా?"

తేజస్వి నా వైపు చూసింది. హేమచంద్ గారి నియమంలో ఆ మాట ఎక్కడా లేదు. "అట్ల ఏం రాసిలేదు," అంది నెమ్మదిగా.

"అయితే పక్కన నేను గూసుంట. మా కోడలు పని జేస్తది, జేస్తనే ఉంటది, మాన్పిచ్చే మొగోడు గని అత్త గని మా ఇంట్ల లేరని నా నోటితోని నేను జెప్త. గా సార్ పూర్ణకుంభాలు పెట్టిండు గద, గాయిన ముందటనే జెప్త. విత్తనాల పొట్లం గూడ దీస్కపోత, తిప్పి చూపిస్త." ధర్మేందర్ వైపు తిరిగింది. "నువ్వు ఇంట్ల ఉండి అన్నం వండు. తేజూ, నువ్వు ఇయ్యాల ఈన్నే పండుకో, మీ బాపుకు ఫోన్ జెయ్యి. పొద్దుగాల తొమ్మిదింటికి ఆటో మాట్లాడుతున్న, ముగ్గురం పోదం." తర్వాత నా చెయ్యి తీసుకుని నా చూపుడువేలు పైకి ఎత్తి చూసింది. "ఉట్టి చేతులతోని పోవుడు మంచిగుండది. రేపు జల్దీ లేవాలె. పిండి నేను కలుపుత, గుంటలు నువ్వు పెట్టు."